నేతగాడన్న ఇంటిపేరుతో ఒక ప్రొఫెసరు

ఏటా వార్షికోత్సవ సంచికలో మన పెద్దల జీవితాలు వేసుకుంటూ వస్తున్నాం. ఈసారి మన కులంవాడూ కాని, మన దేశంవాడూ కాని ఒకాయన కథ రాస్తున్నాం. ఎందుకంటే ఆయన పేరు మన ఇళ్లలో ఇప్పటికే తిరుగుతోంది. షోలాపూర్‌లో మరాఠీలో చదివే పిల్ల అయినా, సేలంలో తమిళంలో చదివే పిల్లాడయినా, బరంపురంలో ఒడియాలో, బెంగుళూరులో కన్నడంలో, యానాంలో తెలుగులో చదివేవాళ్లయినా, డిగ్రీలో ప్రభుత్వ పాలనాశాస్త్రం తీసుకున్నారంటే మాక్స్ వెబర్ అనే పేరు తప్పదు. సర్వీస్ కమిషన్ పరీక్షలకు కూర్చునేవాళ్లకూ అంతే. ఉద్యోగస్వామ్యం అంటే ఏమిటో ఆయన చెప్పిన లక్షణాలు వరసగా బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకుంటారు.

ఆ పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. జర్మన్‌వాళ్లు ఆ పేరును వేబర్ అని పలుకుతారు. ఆ మాటకు వాళ్ల భాషలో నేతగాడు అని అర్థం. ఉత్తి పేరే అయితే ఇంత రాయక్కర్లేదు. ఆయన తాత, పెదనాన్న నార బట్టల వ్యాపారులు. అంటే మన భాషలో సాహుకార్లు, మాస్టర్ వీవర్లు. ఆఫీసు అనేది ఎలా పనిచేస్తుందో ప్రపంచానికి పాఠం చెప్పిన ఈ మనిషి, ఒక ఏడాది మగ్గాల లెక్కల పుస్తకాలు ముందేసుకుని వారాల తరబడి కూర్చున్నాడు. మనం తెలుసుకోవలసిన భాగం అదే, పాఠ్యపుస్తకాల్లో లేనిదీ అదే.

మాక్స్ వెబర్ 1864 ఏప్రిల్ 21న జర్మనీలోని ఎర్ఫుర్ట్ ఊళ్లో పుట్టాడు. ఎనిమిది మంది సంతానంలో పెద్దవాడు. తండ్రి పేరూ మాక్సే. ఆయన న్యాయశాస్త్రం చదివి పురపాలనలో ఉద్యోగం చేసి, తరువాత బెర్లిన్ చేరి శాసనసభల్లో సభ్యుడయ్యాడు. తల్లి హెలెన్ దైవభక్తురాలు. ఒక్క రూపాయి కూడా దండగ కాకూడదనే మనిషి, లేనివాళ్లను చూస్తే మనసు కరిగే మనిషి. ఇంట్లో రాజకీయ నాయకులు, ప్రొఫెసర్లు వచ్చిపోతూ ఉండేవారు. పిల్లవాడు చిన్నప్పుడు మెదడువాపు జబ్బుతో చావు అంచుదాకా వెళ్లి బతికాడు. తరువాత పుస్తకాల పురుగయ్యాడు.

తండ్రి వైపువాళ్లది బీలెఫెల్డ్. మనకు చీరాల, పోచంపల్లి, వెంకటగిరి ఎలాగో ఆ దేశంలో నార బట్టకు ఆ ఊరు అలాంటిది. అవిసె మొక్క కాండం నుంచి తీసిన నారను వడికి, ఆ నూలుతో నేసేదే లినెన్. చుట్టుపక్కల పల్లెల్లో రైతులు చలికాలం పొలం పని లేనప్పుడు మగ్గం మీద కూర్చునేవారు. ఆడవాళ్లు, పిల్లలు నూలు వడికేవారు. నేసిన తానులు పట్నంలో వెబర్ తాతలాంటి వ్యాపారులు కొనేవారు. ఇంగ్లండు నుంచి మిల్లు నూలు వచ్చి పడ్డాక చేతి రాట్నం నూలుకు గిరాకీ పోయింది. పాత పద్ధతిని పట్టుకుని కూర్చున్న తాత వ్యాపారం తగ్గుముఖం పట్టింది. సిలీసియా అనే మరో ప్రాంతంలో 1844లో నేతవాళ్లు మజూరీ గిట్టక వ్యాపారుల ఇళ్ల మీద తిరగబడితే సైన్యం కాల్పులు జరిపింది. ఆ కాలం అది.

వెబర్ పెదనాన్న కార్ల్ డేవిడ్. తండ్రి వ్యాపారం పోవడం చూశాడు గనుక ఆయన దారి మార్చాడు. బీలెఫెల్డ్ దగ్గరలో కొండ అంచున ఓర్లింగ్‌హౌజన్ అనే చిన్న ఊళ్లో కాపురం పెట్టాడు. తాను పట్నంలో గద్దె మీద కూర్చుంటే నేతగాడే తాను మోసుకొస్తాడులే అని ఊరుకోలేదు. తనే పల్లెలు తిరిగాడు. చెయ్యి బాగున్న నేతవాళ్లను ఏరుకున్నాడు. వాళ్లకు నూలు తనే ఇచ్చి, ఫలానా రకం ఇలాగే నెయ్యాలని చెప్పి నేయించుకున్నాడు. మధ్య దళారులను తప్పించి, కొనేవాళ్ల దగ్గరకు తనే వెళ్లాడు. పొద్దున్నే అందరికంటే ముందు లేచేవాడు, రాత్రి అందరికంటే చివర పడుకునేవాడు. ఆ తరువాతి కాలంలో మర మగ్గాలు పెట్టి మిల్లు నడిపాడు. మనలో ఎంతమంది ఇళ్లలో ఈ కథ జరగలేదు? సాహుకారు దగ్గర నూలు తెచ్చుకుని నేసిన తాతలు, నాలుగు మగ్గాలకు యజమానులైన నాన్నలు, పవర్‌లూమ్ షెడ్డు వేసిన కొడుకులు. అయితే ఒక్కొక్క షెడ్డు లేచినచోట ఎన్ని గుంట మగ్గాలు పూడిపోయాయో కూడా మనకు తెలుసు.

వెబర్ చదువు గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు. హైడెల్‌బర్గ్‌లో, బెర్లిన్‌లో న్యాయశాస్త్రం చదివాడు. మధ్యలో ఏడాది సైన్యంలో పనిచేశాడు. 1889లో మధ్యయుగాల వర్తక సంఘాల మీద డాక్టరేటు తీసుకున్నాడు. భాగస్తులు కలిసి వ్యాపారం చేస్తే అప్పు ఎవరిది, ఇంటి ఆస్తి వేరు కొట్టు ఆస్తి వేరు అనే లెక్క ఎలా పుట్టింది అన్నది అందులో విషయం. ఈ ఇల్లు వేరు, కొట్టు వేరు అనే మాట గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

పేరు తెచ్చిన మొదటి పెద్ద పని 1892 నాటిది. సంఘ సంస్కరణ కోరే ప్రొఫెసర్ల సంఘం ఒకటి దేశమంతా వ్యవసాయ కూలీల పరిస్థితి విచారించింది. ఎల్బె నదికి తూర్పు వైపు జిల్లాల పని 28 ఏళ్ల వెబర్‌కు అప్పగించారు. వందల పుటల నివేదిక రాశాడు. కానీ ఆ ప్రశ్నల కాగితాలు వెళ్లింది భూస్వాములకు! కూలివాడి బతుకు గురించి కూలివాణ్ణి అడగలేదు. ఆ లోపం వెబర్‌కు తెలిసింది. మరుసటిసారి ఒక పాస్టరుతో కలిసి పల్లెల్లోని పాస్టర్ల ద్వారా మళ్లీ విచారణ చేయించాడు. అప్పుడు కూడా కూలివాడి నోటిమాట నేరుగా రాలేదనుకోండి. మన దేశంలో 2019-20 చేనేత గణనలో నేతవాళ్లు, అనుబంధ పనివాళ్లు కలిసి దాదాపు 35 లక్షల మంది అని తేలింది. ఆ లెక్క రాసేటప్పుడు మీ వాకిట్లోకి ఎవరు వచ్చారు, ఎవరిని అడిగారు, కండెలు చుట్టే అవ్వను లెక్కలో వేసుకున్నారా లేదా అన్నది మీకే తెలుసు.

1893లో ఓర్లింగ్‌హౌజన్‌లో పెళ్లయింది. పెళ్లికూతురు మరియానె, పెదనాన్న కార్ల్ డేవిడ్‌కు కూతురి కూతురు. మన వరసలో చెప్పాలంటే అక్క కూతురు, అంటే మేనకోడలు. మేనరికాలు తెలిసిన మనకు వింత అనిపించదు. ఆమె చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుంది, తండ్రికి మతి చెడింది. చదువు చెప్పించింది తాత డబ్బు, అంటే నార బట్టల డబ్బు. ఆమె తరువాత స్వయంగా రచయిత్రి అయింది. స్త్రీల హక్కుల కోసం పనిచేసి, 1919లో బాడెన్ శాసనసభకు ఎన్నికైంది. ఈ కథలో ఆమె లేకపోతే చివరి సగం లేదు.

1894లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ప్రొఫెసరు, రెండేళ్లకు హైడెల్‌బర్గ్‌కు పిలుపు. ముప్పై రెండేళ్లకే అంత పదవి. ఫ్రైబుర్గ్‌లో చేసిన మొదటి ఉపన్యాసంలోనే ఆయనలోని ఒక చెడ్డ వైపు కనబడుతుంది. తూర్పు జిల్లాలకు కూలికి వచ్చే పోలండ్‌వాళ్ల గురించి తక్కువ చేసి మాట్లాడాడు. వాళ్లు రాకుండా సరిహద్దు మూసెయ్యాలన్నాడు. పొట్ట చేత పట్టుకుని భాష రాని ఊళ్లకు వెళ్లి మగ్గం పాతిన వాళ్ల మనవలం మనం. ఆ ఉపన్యాసం మనకు రుచించదు. దాచి పెట్టడం కూడా మర్యాద కాదు గనుక చెబుతున్నాం.

1897 వేసవిలో తండ్రితో పెద్ద గొడవ జరిగింది. తల్లిని తండ్రి చూసే తీరు నచ్చక కొడుకు నిలదీశాడు. రాజీ పడకుండానే కొన్ని వారాలకు తండ్రి చనిపోయాడు. ఆ తరువాత వెబర్ మనసు, ఒళ్లు రెండూ దెబ్బతిన్నాయి. నిద్ర లేదు, పాఠం చెప్పడానికి నోరు రాదు. తరగతి గది అంటేనే భయం. సెలవు మీద సెలవు పెట్టి, చివరకు 1903లో ఉద్యోగం వదిలేశాడు. ఆ రోజుల్లో ప్రొఫెసరు ఉద్యోగం జీవితాంతం ఉండేది. చెప్పని పాఠానికి జీతం తీసుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఆ తరువాత పదిహేనేళ్లపాటు ఆయన క్లాసు చెప్పలేదు. ప్రపంచం ఆయన పేరు చెప్పుకునే పని చాలావరకు ఆ పదిహేనేళ్లలో చేసిందే. 1907లో పెదనాన్న పోయాక ఆస్తిలో మరియానె వాటా వచ్చింది. సంసారం ఆ ఆదాయంతో గడిచింది. ఆ గొప్ప చదువు వెనక ఓర్లింగ్‌హౌజన్ నేతగాళ్ల చెమట కొంత ఉంది.

కొంచెం కోలుకున్నాక 1904లో అమెరికా వెళ్లివచ్చాడు. 1904, 1905లలో ఒక పత్రికలో రెండు భాగాలుగా ఆయన వ్యాసం వచ్చింది. ప్రొటెస్టెంట్ మత నీతికీ, పెట్టుబడిదారీ మనస్తత్వానికీ ఉన్న సంబంధం మీద రాసిన ఆ వ్యాసం ఆయన రచనల్లో అన్నిటికంటే పేరుపొందింది. అందులో ఒకచోట నేత ఊళ్ల బొమ్మ గీస్తాడు. పాత రోజుల్లో రైతు నేతగాడు తాను తెచ్చేవాడు, వ్యాపారి చూసి మామూలు ధర ఇచ్చేవాడు, వ్యాపారి కొట్లో రోజుకు ఐదారు గంటల కంటే పని ఉండేది కాదు, సాయంత్రం స్నేహితులతో కూర్చుని కబుర్లు. ఎవరి మీదా ఎవరికీ కక్ష లేదు. ఇంతలో అలాంటి కుటుంబంలోనే ఒక కుర్రవాడు పల్లెలకు బయలుదేరతాడు. నేతగాళ్లను ఏరి, పని మీద కన్నేసి, తక్కువ లాభం ఎక్కువ అమ్మకం అనే లెక్క పెడతాడు. దాంతో ఆ పాత నింపాది బతుకు చెదిరిపోతుంది. ఆయనతో పోటీ పడినవాడు నిలిచాడు, పడలేనివాడు మూసేశాడు. ఆ కుర్రవాడి పేరు వెబర్ రాయలేదు. కానీ పెదనాన్న కార్ల్ డేవిడే ఆ బొమ్మకు మూలమని ఆ కుటుంబం సంగతి తెలిసినవాళ్లంతా ఒప్పుకుంటారు.

ఇక్కడ మాకో మాట అనిపించింది. ఆ బొమ్మలో సాహుకారు మనసు చాలా లోతుగా ఉంది. సాహుకారు ఎందుకు నిద్ర మాని పనిచేశాడు, డబ్బు వచ్చినా ఎందుకు సుఖపడలేదు అని వెతికి వెతికి రాశాడు. మగ్గం మీద కూర్చున్నవాడు మాత్రం అందులో నీడలాగే ఉన్నాడు. నూలు తీసుకున్నాడు, బట్ట ఇచ్చాడు, అంతే. ఆ నీడకు ముఖం వచ్చింది నాలుగేళ్ల తరువాత.

1908లో ఆ ప్రొఫెసర్ల సంఘం పెద్ద పరిశ్రమల్లో కార్మికుల పనితీరు మీద విచారణ తలపెట్టింది. ఆ రోజుల్లో కొందరు మానసిక శాస్త్రవేత్తలు అలసట, అలవాటు, ఏకాగ్రత వంటివాటిని ప్రయోగశాలలో కొలుస్తూ ఉండేవారు. ఫ్యాక్టరీలో కూడా ఇలాగే కొలవొచ్చా అన్నది వెబర్ ప్రశ్న. దానికి ఆయన ఎక్కడికో పోలేదు. భార్య పుట్టింటి మిల్లుకే, ఓర్లింగ్‌హౌజన్‌కే వెళ్లాడు. అప్పటికి పెదనాన్న పోయి ఏడాది. వారాల తరబడి అక్కడే ఉండి మిల్లు లెక్కల పుస్తకాలు తీయించాడు. ఏ నేతగాడు ఏ మగ్గం మీద ఏ రోజు ఎంత నేశాడు, ఎంత మజూరీ పడింది అన్నది ఒక్కొక్క మనిషికి, ఒక్కొక్క రోజుకు తనే కూర్చుని లెక్కలు కట్టాడు. అదంతా వ్యాసాలుగా 1908, 1909లలో వచ్చింది. ఆయన రచనల్లో చాలా తక్కువమంది చదివే భాగం ఇదే. మనలాంటివాళ్లు చదవాల్సిన భాగమూ ఇదే.

ఏం కనబడింది? ఒకే మనిషి, ఒకే మగ్గం, అయినా నేత ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. సోమవారం చెయ్యి ఆడదు, వారం మధ్యలో పుంజుకుంటుంది. నూలు సన్నం మారినా, పన్నా వెడల్పు మారినా, కొత్త రకం ఎక్కించినా చెయ్యి మళ్లీ కుదురుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది. గాలిలో తేమ తగ్గితే నార నూలు తెగుతుంది, తెగిన పోగు అతికేసరికి పొద్దుపోతుంది. ఇవి మనకు పుస్తకం చదివి తెలియాలా! ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పడుగు పోగులు టపటపా తెగుతుంటే నీళ్లు చల్లుకుంటూ నేసిన ప్రతి ఇంటికీ తెలుసు. గుంట మగ్గం గుంటలో ఎందుకుందో మన తాతలకు తెలుసు. తెలియంది ఏమిటంటే ఒక విశ్వవిద్యాలయ ప్రొఫెసరు అది నిజమని అంకెలతో రాసిపెట్టాడని.

ఇంకొకటి అంతకంటే ముఖ్యం. కొందరి పుస్తకాల్లో కొన్నాళ్లు నేత బాగా పెరిగి, తరువాత కావాలని పట్టినట్టు తగ్గడం ఆయన చూశాడు. బద్ధకమని రాసి వదిలెయ్యలేదు. బాగా నేస్తే తానుకింత అన్న రేటు యజమాని తగ్గించేస్తాడు. రేపు అదే డబ్బుకు ఇంకా ఎక్కువ నెయ్యాల్సి వస్తుంది. అందుకని నేతవాళ్లు సంఘం లేకపోయినా, ఒకరితో ఒకరు చెప్పుకోకపోయినా చెయ్యి పట్టి నేస్తారు. ఇది సోమరితనం కాదు, మజూరీ కాపాడుకునే లెక్క అని వెబర్ గ్రహించాడు. యజమాని ఇంటి అల్లుడు, యజమాని పుస్తకాల్లోంచే ఆ మాట చెప్పడం చిన్న సంగతి కాదు. మన సొసైటీల్లోనూ, సాహుకార్ల దగ్గరా, భివండి షెడ్లలోనూ ఈ మాట మీద ఎన్ని పంచాయితీలు జరగలేదు!

దేవుడి భక్తి గట్టిగా ఉన్న కుటుంబాల ఆడపిల్లలు నేతలో అందరికంటే ముందున్నారని కూడా రాశాడు. ఆటపాటలకు వెళ్లరు, చెప్పిన పని శ్రద్ధగా చేస్తారు అన్నది ఆయన కారణం. అది ఆయన పాత వ్యాసానికి సరిగ్గా అమరే ముక్క కాబట్టి అలా కనబడిందేమో అని మాకు చిన్న అనుమానం. ఇంటికి పోయి వంటా, పిల్లలూ చూసుకునే ఆడమనిషి చెయ్యి ఎందుకు అంత పొదుపుగా కదులుతుందో లెక్కల పుస్తకంలో ఉండదు కదా. అదే విచారణలో మరీ బెర్నేస్ అనే యువతి తానెవరో చెప్పకుండా ఒక నూలు మిల్లులో కూలికి చేరి, లోపలినుంచి చూసి రాసింది. వెబర్ పుస్తకం ద్వారా చూశాడు, ఆమె కండెల మధ్య నిలబడి చూసింది. రెండూ కావాలి. మాకు మాత్రం ఆమె మీదే మక్కువ.

ఇలా లెక్కల పుస్తకాలతో గడిపిన మనిషే ఆ వెంటనే ఆఫీసు గురించి రాశాడు. 1909లో వియన్నాలో జరిగిన సభలో తమ్ముడు ఆల్‌ఫ్రెడ్, ఆయనా కలిసి పెద్ద ప్రొఫెసర్లకు ఎదురు నిలిచారు. అన్నిటినీ ప్రభుత్వ ఆఫీసులకు అప్పగిస్తే అంతా బాగుపడుతుందని పెద్దల నమ్మకం. ఆఫీసు అనే యంత్రం బాగా పనిచేస్తుందన్న మాట వెబర్ కాదనలేదు. ఆ యంత్రంలో మనిషి ఒక పల్లు మాత్రమే అయిపోకుండా ఏం మిగుల్చుకోగలం అన్నదే తన ప్రశ్న అన్నాడు. తరువాతి ఏళ్లలో ఆ పని విస్తరించి రాశాడు. మన పిల్లలు బట్టీపట్టే లక్షణాలు అక్కడివే.

వాటిని మన సంఘం భాషలో చెప్పుకుందాం. మన ఊళ్లలో ముందు కులపెద్ద మాట నడిచేది. ఎందుకు వినాలి అంటే తాతల నాటినుంచీ వింటున్నాం గనుక. దీన్ని ఆయన సంప్రదాయ అధికారం అన్నాడు. ఒక్కోసారి ఒక మనిషి లేస్తాడు. ఆయన మాటకు మగ్గాలు ఆపేసి జనం వెనక నడుస్తారు. పదవి లేదు, రూలు లేదు, ఆ మనిషిలో ఏదో శక్తి ఉందన్న నమ్మకం. అది రెండోది. మూడోది బైలా ప్రకారం ఎన్నికైన కార్యదర్శి సంతకం. ఆయన మంచివాడా చెడ్డవాడా అని కాదు, రూలు ప్రకారం ఆ కుర్చీలో ఉన్నాడు కాబట్టి సంతకం చెల్లుతుంది. ఈ మూడోదాని మీద నిలిచేదే ఆధునిక ఆఫీసు. ఎవరి పని ఏదో ముందే రాసి ఉంటుంది. ఒకరి మీద ఒకరు అధికారి ఉంటారు. అంతా కాగితం మీద నడుస్తుంది, ఫైలు ఉంటుంది. చదువు, పరీక్ష చూసి తీసుకుంటారు, జీతం ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఆఫీసు వేరు ఇల్లు వేరు. కుర్చీ, ముద్ర, పెట్టెలో డబ్బు ఉద్యోగివి కావు. సొసైటీ రిజిస్టరు ప్రెసిడెంటుగారి ఇంటి అలమారులో ఉన్నన్నాళ్లు ఏం జరిగేదో చూసినవాళ్లకు ఈ ఒక్క ముక్క విలువ తెలుస్తుంది.

అయితే వెబర్ అక్కడ ఆగలేదు. మార్క్స్ చెప్పిన మాట ఒకటి తీసుకుని దాన్ని సాగదీశాడు. ఫ్యాక్టరీలో కార్మికుడికి యంత్రం తనది కాదు. అలాగే సైనికుడికి తుపాకీ తనది కాదు, ఉద్యోగికి ఫైలు తనది కాదు, పరిశోధకుడికి ప్రయోగశాల తనది కాదు. పనిముట్టు చేతిలోంచి జారి ఒక పెద్ద ఆఫీసు చేతికి వెళ్లిపోవడమే ఈ కాలం లక్షణం అన్నాడు. యజమాని పోయి ప్రభుత్వం వచ్చినా ఆ జారిపోవడం ఆగదు, ఇంకా పెరగొచ్చు అన్నాడు. మగ్గం తనదిగా ఉన్నవాడికీ, షెడ్డులో మగ్గం మీద షిఫ్టుకు నిలబడేవాడికీ తేడా ఏమిటో మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. దాన్నుంచి ప్రభుత్వం దాకా ఒకే దారం లాగవచ్చని చూడ్డం ఆయన గొప్ప.

ఆఫీసు రహస్యం అనే మాటా ఆయన గట్టిగా పట్టుకున్నాడు. తనకు తెలిసింది బయటికి చెప్పకపోవడమే ఆఫీసు బలం. అందుకని ప్రజలు ఎన్నుకున్నవాళ్లకు ఫైళ్లు తెప్పించి చూసే, సాక్షులను పిలిచి విచారించే హక్కు ఉండాలని 1917లో రాశాడు. యుద్ధం తరువాత జర్మనీ కొత్త రాజ్యాంగంలో పార్లమెంటు విచారణ సంఘాల హక్కు చేరింది. ఒక కాగితంలో పేరు ఒక తీరుగా, ఇంకో కాగితంలో ఇంకో తీరుగా పడి, కులం సర్టిఫికెట్టు కోసం పుట్టిన రాష్ట్రానికీ బతికే రాష్ట్రానికీ మధ్య తిరిగిన కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. దరఖాస్తు ఎందుకు తిప్పి పంపారో అడిగితే చెప్పే దిక్కు లేక కూర్చున్న సాయంత్రాలు మాకూ ఉన్నాయి. కాబట్టి ఈ పేజీలు చదివినప్పుడు ఎవరో మన పక్కన బెంచీ మీద కూర్చుని రాసినట్టే ఉంది.

ఆయన ఆఫీసును బయటినుంచి మాత్రమే చూడలేదు. 1914లో యుద్ధం వచ్చినప్పుడు యాభై ఏళ్ల వయసులో హైడెల్‌బర్గ్ ప్రాంతంలో గాయపడిన సైనికుల కోసం తొమ్మిది ఆస్పత్రులు ఏర్పాటు చేసి నడిపే పని నెత్తినేసుకున్నాడు. ఏడాదికి పైగా పొద్దున్నుంచి రాత్రి దాకా అదే పని. ఉచితంగా చేయడానికి వచ్చిన పెద్దింటి స్త్రీలకు ఉత్సాహం ఎక్కువ, క్రమం తక్కువ అని, జీతానికి శిక్షణ పొందిన నర్సులే నమ్మకమని ఆయనకు అనుభవంలో తెలిసింది. మొదట్లో యుద్ధాన్ని సమర్థించినవాడే, తరువాత పాలకుల తెలివితక్కువతనాన్ని పత్రికల్లో తూర్పారబట్టాడు.

అదే యుద్ధకాలంలో హిందూ, బౌద్ధ మతాల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఇండియాలో అడుగుపెట్టలేదు. బ్రిటిష్ జనాభా లెక్కల నివేదికలు, పండితుల అనువాదాలు చదివి రాశాడు. కులాచారం వృత్తినీ పనితీరునూ కట్టిపడేస్తుంది గనుక ఇక్కడ పెట్టుబడిదారీ పద్ధతి దానంతటది పుట్టలేదని ఆయన వాదం. ఇక్కడ మాత్రం మేము ఒప్పుకోం. తెలంగాణ జిల్లాల నుంచి షోలాపూర్ వెళ్లి ఆ ఊరి దుప్పట్లకు పేరు తెచ్చినవాళ్లు ఎవరు? చేత్తో విసిరే నాడె పోయి తాడు లాగితే పరుగెత్తే నాడె వస్తే ఏ శాస్త్రం అడ్డొచ్చింది? తమిళనాడులో, కర్ణాటకలో ఆ ఊరి రకాలు నేర్చుకుని నేసినవాళ్లు ఎవరు? కులాన్ని ఆయన లెక్కల పుస్తకంలో చూశాడు. మగ్గం మీద కూర్చున్న మనిషి ఎంత దూరం నడిచాడో ఆ పుస్తకంలో రాయలేదు. ఓర్లింగ్‌హౌజన్‌లో చేసినట్టు ఒక్కొక్క మనిషి లెక్కా ఇక్కడ తీసి ఉంటే ఏం రాసేవాడో అని మాకు చాలాసార్లు అనిపించింది.

1918లో వియన్నాలో ఒక టర్ము పాఠం చెప్పి, 1919లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా చేరాడు. అన్నేళ్ల తరువాత తరగతి గది. హాలు నిండిపోయేది. విద్యార్థులు ఆయన సిద్ధాంతాలు కష్టంగా ఉన్నాయని, ఆర్థిక చరిత్ర చెప్పమని అడిగారు. 1919-20 చలికాలంలో అది చెప్పాడు. ఆయన ఒక రాజకీయ హంతకుడికి శిక్ష తగ్గించడాన్ని తప్పుపట్టాడని కోపం వచ్చిన విద్యార్థులు ఒక రోజు క్లాసులో గోల చేసి పాఠం జరగనివ్వలేదు. అయినా కోర్సు పూర్తిచేశాడు.

ఆ కోర్సులో నేతపని గురించి చెప్పిన భాగం ఉంది. సాహుకారు చేతికి నేతగాడు మెట్టు మెట్టుగా ఎలా వెళ్లాడో అందులో వివరించాడు. మొదట సరుకు కొనేవాడు తానొక్కడే అవుతాడు. తరువాత నూలు తనే ఇస్తాడు. ఆ పైన పని ఎలా చెయ్యాలో తనే చెబుతాడు. కొన్నిచోట్ల మగ్గం కూడా తనే పెడతాడు. చివరకు నూలు నుంచి అద్దకం దాకా అన్ని పనులూ తన కిందకు తెచ్చుకుంటాడు. తన తాత, పెదనాన్న ఇంటి చరిత్ర అది. మన ఊళ్లలో ఏ ఇల్లు ఏ మెట్టు మీద ఉందో చూసుకోవచ్చు.

1920 జూన్‌లో జ్వరం వచ్చింది. అది న్యుమోనియాకు తిరిగి 14వ తేదీన పోయాడు. యాభై ఆరేళ్లు. అంతకు రెండు నెలల ముందే చెల్లెలు నలుగురు పిల్లలను వదిలి చనిపోయింది. మరియానె తరువాత ఆ నలుగురినీ దత్తత తీసుకుంది. ఇంట్లో రాతప్రతుల కట్టలు మిగిలాయి. చాలా వాటికి పేరు లేదు, వరస లేదు. ఆమె ఒక్కొక్కటే విప్పి, చదివి, వరస పెట్టి అచ్చుకు పంపింది. ఉద్యోగస్వామ్యం అధ్యాయం ఉన్న పెద్ద గ్రంథం 1921, 1922లలో వచ్చింది. మ్యూనిక్ కోర్సు విద్యార్థులు రాసుకున్న నోటుపుస్తకాల నుంచి 1923లో పుస్తకమైంది. భర్త జీవితాన్ని 1926లో ఆమే రాసింది. నార బట్టల సాహుకారైన తాత గురించి, ఓర్లింగ్‌హౌజన్ ఇంటి గురించి మనకు తెలిసినదాంట్లో చాలావరకు ఆమె రాసిపెట్టిందే. ఆమె 1954లో హైడెల్‌బర్గ్‌లో కన్నుమూసింది. ఇద్దరి సమాధీ ఆ ఊరి కొండ వాలు మీద ఉన్న శ్మశానంలో ఒకే రాయి కింద ఉంది.